బహుపది పరిమాణం గురించి రాసేటప్పుడు: గణితం రాయడం మొదలుపెట్టిన అమ్మాయికి ఉత్తరం

అమ్మా,

బహుపదుల (పాలినామియల్స్, అంటే ఒక తెలియని రాశి ఘాతాలను సంఖ్యలతో గుణించి కూడగా వచ్చేవి) మీద నువ్వు రాసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. లెక్కల గురించి తెలుగులో రాయాలని నీ వయసువాళ్లు పూనుకోవడం నాకు నిజంగా సంతోషం. అందుకే మెచ్చుకుని ఊరుకోకుండా, వ్యాసం తడబడిన చోటు గురించి వివరంగా రాస్తున్నాను. అది మూడో పేరా. "బహుపదిలోని పెద్ద ఘాతాంకాన్ని దాని పరిమాణం అంటారు" అని ఒక్క వాక్యం రాశావు (ఘాతాంకం అంటే రాశి పైన వేసే చిన్న అంకె, పరిమాణం అంటే ఇంగ్లీషులో డిగ్రీ). వెంటనే రేఖీయ, వర్గ, ఘన బహుపదుల (వరుసగా 1, 2, 3 పరిమాణాలవి) పేర్లు చెప్పేసి ముందుకు వెళ్లిపోయావు. ఆ పేర్లన్నీ బడి పుస్తకంలో ఉన్నవే. కానీ చదివేవాళ్లకు ఆ సంఖ్యతో ఏం పని పడుతుందో ఎక్కడా తెలియలేదు. ఒక పారిభాషిక పదం ఏం పని చేస్తుందో చూపించాకే దాన్ని పాఠకుడి చేతికి ఇవ్వాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఈ ఉత్తరంలో తెలియని రాశిని 'యా' అని రాస్తాను. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలో రాసిన బీజగణితంలో తెలియని రాశికి యావత్తావత్ అని పేరు, దానికి పొట్టి రూపం 'యా'. రెండో రాశి కావాలంటే కాలక, అంటే 'కా'. స్థిర సంఖ్య పక్కన రూప అనే మాటకు గుర్తుగా 'రూ' ఉంటుంది. మన పాత పుస్తకాల్లో ఇంత చక్కటి పద్ధతి ఉందని నీ పాఠకులకూ ఒకసారి చెప్పు.

మొదట వచ్చే చిక్కు పరిమాణం అనే మాటతోనే. మామూలు తెలుగులో అది సైజు. దాంతో పొడుగ్గా కనిపించే బహుపదికే ఎక్కువ పరిమాణం ఉంటుందని పిల్లలు అనుకుంటారు. ఆ అనుమానాన్ని ఉదాహరణతోనే తీర్చు. యా¹⁰⁰ + 1 లో రెండే పదాలు, పరిమాణం 100. యా³ + యా² + యా + 1 లో నాలుగు పదాలు, పరిమాణం 3. 5000యా + 7 లో యా ముందున్న గుణకం ఎంత పెద్దదైనా పరిమాణం 1 మాత్రమే. ఏకపది, ద్విపది, త్రిపది అనే పేర్లు పదాల లెక్కకు సంబంధించినవి. రేఖీయ, వర్గ, ఘన అనేవి పరిమాణానికి సంబంధించినవి. యా³ + 1 ద్విపది కూడా, ఘన బహుపది కూడా. నువ్వు ఈ రెండు వరుసల పేర్లనూ ఒకే పేరాలో పక్కపక్కన పెట్టావు, వాటిని విడదీయి.

నీ నిర్వచనం ఒక్క చరరాశి, అంటే ఒక్క తెలియని రాశి, ఉన్నంతవరకే నిలుస్తుంది. యా²కా³ + యా⁴ తీసుకో. ఇందులో పెద్ద ఘాతాంకం 4. కానీ మొదటి పదం పరిమాణం 2 + 3, అంటే 5. కాబట్టి బహుపది పరిమాణం 5. ఘాతాంకం ఒక అక్షరం నెత్తిన కూర్చునే సంఖ్య. పరిమాణం మొత్తం పదానిది, ఆపైన మొత్తం బహుపదిది. ఇంకొకటి, పరిమాణం చూడాల్సింది సూక్ష్మీకరించాకే. (యా + 1)³ − యా³ చూడగానే ఎవరైనా 3 అంటారు. విప్పి చూస్తే 3యా² + 3యా + 1, కాబట్టి పరిమాణం 2. ఇక 1/యా, √యా వంటివి ఉంటే అది బహుపదే కాదు. ఇది ఒక వాక్యంలో చెబితే చాలు.

పేర్ల చరిత్ర కొంచెం రాస్తే నీ వ్యాసానికి బలం వస్తుంది. వర్గం, ఘనం మనకు కొత్త మాటలు కావు. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చిన కాలం నుంచీ ఇవి మన లెక్కల్లో ఉన్నాయి. పాత గణితకారులు రెండో ఘాతాన్ని వర్గం, మూడోదాన్ని ఘనం, నాలుగోదాన్ని వర్గవర్గం అన్నారు. ఆరోది ఘనవర్గం, అంటే ఘనానికి వర్గం. ఇక్కడ పేర్లు పక్కపక్కన చేరితే సంఖ్యలు హెచ్చవేసుకుంటాయి. మరి ఐదుకేం చేయాలి? రెండునూ మూడునూ హెచ్చవేస్తే ఐదు రాదు. అందుకని వర్గఘనఘాతం అన్నారు. ఘాతం అంటే గుణించగా వచ్చింది. వర్గాన్నీ ఘనాన్నీ గుణిస్తే ఘాతాంకాలు కలిసి 5 అవుతాయి. గ్రీకు గణితకారుడు డయోఫాంటస్ పేర్లలో మాత్రం మొదటి నుంచీ కూడికే. ఆయనకు వర్గవర్గం నాలుగు, వర్గఘనం ఐదు, ఘనఘనం ఆరు. మనవాళ్లు ఘనఘనం అంటే తొమ్మిది అవుతుంది!

ఈ పేర్లన్నీ చదరం, ఘనం అనే ఆకారాల నుంచి పుట్టాయి. పొడవు, వైశాల్యం, ఘనపరిమాణం దాటాక చూపించడానికి ఆకారం లేదు. 1591లో ఫ్రాన్సులో వియెత్ అనే గణితకారుడు కూడా పొడవును వైశాల్యంతో కూడకూడదనే నియమం పెట్టుకునే బీజగణితం రాశాడు. అదే దేశపు డేకార్ట్ 1637లో ఆ కట్టుబాటు వదిలేశాడు. యా² ను కూడా ఒక పొడవుగానే చూడవచ్చని చూపించి, పైన చిన్న అంకె వేసే పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. అప్పటి నుంచి ఎంత పెద్ద పరిమాణానికైనా పేరు వెతుక్కునే అవసరం పోయింది. నువ్వూ మూడు దాటాక కొత్త పేర్లు కట్టకు. 'నాలుగో పరిమాణ బహుపది' అని రాయి. బైక్వాడ్రాటిక్ అనే మాటను మన దగ్గర నాలుగో పరిమాణం అంతటికీ వాడతారు. కొన్ని పుస్తకాల్లో యా⁴, యా², స్థిర పదం మాత్రమే ఉన్నవాటికే వాడతారు. వాడితే ఏ అర్థంలోనో చెప్పి వాడు.

ఇప్పుడు అసలు విషయం, పరిమాణం చేసే పని. దీన్ని బీజగణితం రాని పాఠకుడికి కూడా చూపించవచ్చు. ఘనాల వరుస తీసుకో: 0, 1, 8, 27, 64. పక్కపక్క సంఖ్యల తేడాలు 1, 7, 19, 37. వాటి తేడాలు 6, 12, 18. మళ్లీ తేడాలు 6, 6. మూడోసారికి అంతా ఒకటే అయిపోయింది. వర్గాలతో చేస్తే రెండోసారికే అన్నీ 2 అవుతాయి. యా కి వరుస పూర్ణ సంఖ్యలు వేసినప్పుడు, ఎన్నోసారి తీసివేతకు సున్నా కాని ఒకే సంఖ్య మిగిలితే అది ఆ బహుపది పరిమాణం. పాఠకుడు పెన్ను తీసుకుని ఇది ఒక్కసారి చేస్తే నిర్వచనం కంటె బాగా గుర్తుంటుంది.

తర్వాత శూన్యాలు, అంటే బహుపది విలువను సున్నా చేసే యా విలువలు. బహుపది పరిమాణం ఎంతో, అంతకు మించి వాస్తవ శూన్యాలు దానికి ఉండవు, తక్కువ ఉండవచ్చు. ఈ చిన్న మాట మీద ఎంత పెద్ద పని జరుగుతోందో చూడు. పరిమాణం 10 కంటె తక్కువున్న రెండు వేర్వేరు బహుపదులు పది చోట్ల ఒకే విలువ ఇవ్వలేవు. ఇస్తే వాటి తేడాకు పది శూన్యాలు రావాలి, దాని పరిమాణమేమో 9 దాటదు. అందుకని సమాచారాన్ని బహుపదిగా మార్చి, అవసరానికి మించి విలువలు పంపితే, కొన్ని పోయినా చెడినా అసలుది తిరిగి పట్టుకోవచ్చు. రీడ్, సాలమన్ అనే ఇద్దరు 1960లో ఇచ్చిన పద్ధతి ఇది. అక్కడ సంఖ్యలు మామూలువి కావు, పరిమిత సంఖ్యా వ్యవస్థలోవి, అయినా పరిమాణం వాదన అదే. కూరగాయల బండి మీద అంటించిన క్యూఆర్ కోడ్ ఒక మూల చిరిగినా ఫోన్ చదివేస్తుందంటే, వెనక పనిచేసేది ఈ కుటుంబానికి చెందిన కోడే. నీ వ్యాసంలో ఇది తప్పకుండా ఉండాలి.

సమీకరణాల కథ కూడా పరిమాణం దగ్గరే మలుపు తిరుగుతుంది. మూడు, నాలుగు పరిమాణాలకు సాధనలను ఇటలీ గణితకారుడు కార్డానో 1545లో అచ్చువేశాడు, నాలుగోది ఆయన శిష్యుడు ఫెరారీది. ఐదో పరిమాణానికి అలాంటి సాధారణ సూత్రం ఉండదని 1824లో నార్వే యువకుడు ఆబెల్ రుజువు చేశాడు.

చివరికి, నువ్వు పూర్తిగా వదిలేసిన శూన్య బహుపది. 7 అనే స్థిర బహుపదికి పరిమాణం 0, ఎందుకంటే అది 7యా⁰. మరి 0 కి? పరిమాణం నిర్వచించబడదు అని పుస్తకంలో ఉంటుంది, పిల్లలు బట్టీ పడతారు. కారణం చెప్పడం అంత కష్టం కాదమ్మా. రెండు బహుపదులను గుణిస్తే పరిమాణాలు కూడుకుంటాయి. 2, 3 పరిమాణాలవి గుణిస్తే 5. ఇప్పుడు సున్నాకు ఏదో ఒక పరిమాణం ఇచ్చామనుకో. సున్నాను యా తో గుణించినా సున్నాయే. అంటే ఆ సంఖ్యకు 1 కలిపినా అదే సంఖ్య రావాలి. అలాంటి సంఖ్య లేదు. కొందరు ఋణ అనంతం అని పెట్టుకుంటారు, దానికి 1 కలిపినా అదే కాబట్టి నియమం చెడదు. రెండు పద్ధతులూ చలామణిలో ఉన్నాయి. ఏది తీసుకున్నావో చెప్పి, వ్యాసమంతా దాన్నే పాటించు.

మూడో పేరా తిరగరాసి పంపు. తేడాల పట్టికకు యా³ వద్దు, 2యా³ − యా తీసుకో. మూడో తేడా 12 వస్తుంది. ఘనాలకు 6 వచ్చింది కదా, ఇక్కడ 12 ఎందుకు అని పాఠకుడు తప్పక అడుగుతాడు. ఆ ప్రశ్నతోనే గుణకం గురించిన పేరా మొదలుపెట్టు.

ఆశీస్సులతో.