హిమాలయన్ 450కి గార్డు వెల్డింగ్ షాపులో చేయించాలా, బయట కొనాలా?

అన్నయ్యా అని అడిగావు కాబట్టి తమ్ముడూ అనే పిలుస్తాను. నీ ప్రశ్న ఇదీ: ఉండేది ఒడిశాలోని గుణుపురం, కొత్తగా రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 బైకు తీశావు. పని మీద గుడారి వైపు మట్టిరోడ్లు తిరగాలి, సెలవు దొరికితే దేవమాలి కొండ ఎక్కాలి. ఊళ్లో వెల్డింగ్ షాపతను 2,500కి లెగ్ గార్డు, అదే బండి పడితే ఇంజిన్‌కు దెబ్బ తగలకుండా పక్కన బిగించే పైపు, చేసిస్తానన్నాడు, బయట కొంటే దానికి మూడింతలు అవుతోంది, ఏం చేయమంటారు అని.

కొనమనే చెబుతాను. అయితే కొన్న గార్డును కూడా సరిగ్గా బిగించకపోతే నాకు జరిగిందే నీకూ జరుగుతుంది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మాది రాయగడ. పత్తి విత్తనాల కంపెనీలో ఫీల్డు పని. బిస్సంకటక్, మునిగుడ, కల్యాణసింగుపురం, కాశీపురం, ఎక్కడ పత్తి వేస్తే అక్కడికి వెళ్లాలి. బండి 2018 మోడల్ హిమాలయన్ 411. కొన్న నెలలోనే నేనూ నీలాగే గార్డు చేయించాను. బుల్లెట్ బండ్లకు వేసే ఆకారం, చూడ్డానికి బలంగా ఉండేది. పైన ఫ్రేము గొట్టాన్ని చుట్టి పట్టే యు-క్లాంపు, కింద ఇంజిన్ మౌంటు బోల్టు దూరే కన్నమున్న రేకుముక్క, అంటే చెవి. అంతే.

2019 వానాకాలంలో కల్యాణసింగుపురం దాటాక ఒక గెడ్డ, అదే వాగు దగ్గర పడ్డాను. స్పీడు ఏమీ లేదు, మనిషి నడిచేంత. ఎర్రమట్టి మీద ముందు చక్రం జారి బండి కుడివైపు ఒరిగింది. లేపాను, అద్దం తప్ప ఏమీ పోలేదనుకున్నాను. స్టాండు వేసి చూస్తే తెల్లటి రాయి మీద నల్లటి ఆయిలు దారంలా కారుతోంది. గార్డు పైపు వంగలేదు, అసలు గీత కూడా పెద్దగా పడలేదు. క్లాంపు మాత్రం గుండ్రటి గొట్టం మీద తిరిగిపోయింది. దాంతో గార్డు మొత్తం వెనక్కి వచ్చి, దాని మూల వెళ్లి ఇంజిన్ కుడి పక్కనుండే క్లచ్ కవరుకు కొట్టింది. కవరు మీద అంగుళం పొడవు పగులు. గార్డు లేకపోయుంటే ఆ కవరు ఆ రాయికి తగిలేదే కాదని ఇప్పటికీ నా నమ్మకం. పెట్రోలు గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, ఎం-సీల్ పెట్టి, అది గట్టిపడే దాకా చింతచెట్టు కింద కూర్చున్నాను. రాయగడ చేరేసరికి రాత్రయింది.

కాబట్టి గార్డు కొనేటప్పుడు పైపు ఎంత లావుందని చూడకు. అది బండికి ఎక్కడెక్కడ పట్టుకుంటుందో చూడు. బండి పడితే గార్డుకు తగిలిన దెబ్బ ఎక్కడికో ఒకచోటికి పోవాలి. అది ఫ్రేములోకి పోవాలి, రెండు మూడు చోట్లకు పంచుకుని పోవాలి. నీ బండి 196 కిలోలు. ఆ బరువంతా ఒక్క బోల్టు మీద పడితే బోల్టయినా వంగుతుంది, అది దూరిన చెవి అయినా చిరుగుతుంది. కుడి ఎడమ ముక్కలు రెండింటినీ ముందువైపు కలిపే అడ్డపైపు ఉన్న గార్డయితే ఒక పక్క దెబ్బ రెండో పక్క కూడా పంచుకుంటుంది. క్లాంపు మీదే ఆధారపడేది వద్దు. ఫ్రేములో కంపెనీవాళ్లు ఇచ్చిన రంధ్రాల్లోనే బోల్టుతో కూర్చునేది తీసుకో.

స్టీలు సంగతి. మామూలు ఇనుప పైపు తక్కువేమీ కాదు. దెబ్బకు వంగి దెబ్బను మింగుతుంది, వంగింది మళ్లీ తిన్నగా చేయించుకోవచ్చు. కాకపోతే పౌడర్ కోటింగ్ లేచిన చోట మన వానలకు వెంటనే తుప్పు పడుతుంది, ఎప్పటికప్పుడు రంగు వేసుకోవాలి. స్టెయిన్‌లెస్ అని అమ్మితే అయస్కాంతం పెట్టి చూసి నమ్మేయకు. చవకైన 202 రకానికీ అయస్కాంతం అంటుకోదు, మంచిదైన 304కీ అంటుకోదు. బిల్లు మీద గ్రేడు రాయించుకో. పైపు గోడ మందం 2 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, షాపు భాషలో 14 గేజి. నాది 16 గేజి, అంటే 1.6 మిల్లీమీటర్లు.

ఇక బిగించడం. నా మాట వినాల్సింది ఇక్కడే. గార్డు కోసం విప్పేవి చాలావరకు ఇంజిన్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే బోల్టులే. ఇంజిన్ కింద చెక్కముక్క పెట్టి జాకీతో ఊరికే ఆనించు, ఎత్తకు. ఒక్కసారికి ఒక్క బోల్టే తీయాలి. గార్డు చెవి మందం కలుస్తుంది కాబట్టి పాత బోల్టు పొట్టి అయిపోతుంది. గార్డుతో వచ్చిన పొడుగు బోల్టు తలమీద 8.8 అనో 10.9 అనో అంకె ఉందా చూడు. ఏ అంకే లేని బోల్టు ఇస్తే వాడొద్దు, హార్డ్‌వేర్ షాపులో అడిగి తెచ్చుకో. అన్ని బోల్టులూ వేళ్లతో తిప్పి వదులుగా పెట్టాక, కుడి ఎడమలు చూసుకుంటూ కొంచెం కొంచెం బిగించాలి. చివర్లో సర్వీసు మాన్యువల్లో ఉన్న టార్క్‌కు, అంటే ఎంత గట్టిగా బిగించాలో చెప్పే కొలతకు, టార్క్ రెంచి పెట్టాలి. ఒక రంధ్రం కలవట్లేదని గునపం పెట్టి గార్డును లాగి కూర్చోబెట్టేవాళ్లను చూశాను. అలా కూర్చున్న గార్డు రోజూ ఇంజిన్ మౌంటును పక్కకు గుంజుతూనే ఉంటుంది, వైబ్రేషన్‌కు వెల్డింగ్ దగ్గరే విరుగుతుంది. కలవకపోతే తిరిగిచ్చేయ్. బోల్టు మరల మీద నీలం రంగు లాక్‌టైట్, అదే బోల్టు వదులవకుండా పట్టే జిగురు, ఒక చుక్క చాలు. ఎరుపు వాడితే తర్వాత వేడి చేస్తే గానీ ఊడదు. బోల్టు తల నుంచి చెవి మీదకు పెయింటు మార్కరుతో ఒక గీత గీసుకో. వంద కిలోమీటర్లు తిరిగాక ఆ గీత విరిగి కనిపిస్తే బోల్టు తిరిగినట్టే.

బండి తీసే ముందు ఇంకో పని చేయి. హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పు, కేబుళ్లు ఎక్కడా నలగకూడదు. ముందు బ్రేకు పట్టి ఫోర్కును గట్టిగా కిందకు నొక్కు, మడ్‌గార్డు పైపుకు తగలకూడదు. తర్వాత ఇంకో మనిషిని పిలిచి, ట్యాంకులో పెట్రోలు తక్కువున్న రోజు, వరిగడ్డి కుక్కిన గోనెసంచుల మీద బండిని మెల్లగా పడుకోబెట్టు. నేను రెండో గార్డు వేసినప్పుడు మా అరుగు ముందు ఇలాగే చేశాను. మా బావమరిది ఒక పక్క పట్టుకున్నాడు, నేను టార్చి వేసుకుని కింద చూశాను. నేలకు ఆనాల్సింది గార్డు, హ్యాండిల్ చివర, ఫుట్‌పెగ్. ఇంజిన్ కవరుకూ గార్డుకూ మధ్య నా రెండు వేళ్లు దూరాయి. ఆ సందు లేకపోతే ఆ గార్డు ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే.

గార్డు కంటే ముందు డబ్బులు పెట్టాల్సినవి రెండున్నాయి. ఒకటి ఇంజిన్ కింద ప్లేటు. మన దారుల్లో పడటం కంటే రాయి లేచి కింద కొట్టడమే ఎక్కువ. 4 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేటు సరిపోతుంది, అదీ ఫ్రేముకే బిగించాలి. ఆయిలు వదిలే బోల్టుకు రంధ్రం ఉందో లేదో చూసుకో, లేకపోతే సర్వీసు చేసిన ప్రతిసారీ ప్లేటు విప్పాలి. బురద పేరుకుంటే నీళ్లు కొట్టి కడిగెయ్. రెండోది హ్యాండ్ గార్డు. ఉత్త ప్లాస్టిక్‌ది గాలికీ ముళ్లకంపకూ పనికొస్తుంది, లివరును కాపాడదు. లోపల అల్యూమినియం పట్టీ ఉండి, హ్యాండిల్‌కు రెండు చోట్ల పట్టేది కావాలి. క్లచ్ లివరు విరిగితే కాశీపురం కొండల్లో నిన్ను దించేవాడు ఉండడు. లివరు బ్రాకెట్ బోల్టును మరీ గట్టిగా బిగించకుండా, దెబ్బకు చుట్టూ తిరిగేంత పట్టుతో ఉంచు. విరగాల్సింది తిరిగిపోతుంది. నీ బండికి ముందు రేడియేటరు ఉంది, దానికి జాలీ కూడా వేయించు, గాలి ఆడేంత కన్నాలున్నది.

మీ నాన్నగారు గార్డు ఉంటే కాలు విరగదంటున్నారని రాశావు. ఆ మాట ఆయనకు మెల్లగా చెప్పు తమ్ముడూ, గార్డు కాపాడేది బండిని. అమెరికాలో హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజిలెస్‌లో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను దగ్గరుండి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. క్రాష్ బార్ల వల్ల, అంటే ఇలాంటి గార్డుల వల్ల, పాదానికీ చీలమండకూ తగ్గిన గాయాలు తొడకూ మోకాలికీ పిక్కకూ పెరిగిన గాయాలతో సరిపోయాయని తేల్చారు. చీలమండ దాటి పైకి వచ్చే బూట్లూ మోకాలి ప్యాడ్లూ గార్డు ధరలోంచి కొంత తీసైనా కొను.

వాహనాల ముందు బిగించే క్రాష్ గార్డులు, బుల్ బార్ల మీద చర్య తీసుకోమని 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. బైకులను కూడా ఆపి అడిగేవాళ్లున్నారు. అందుకే బండి కంపెనీ సొంత యాక్సెసరీ తీసుకుని బిల్లు దగ్గరుంచుకుంటే మాట్లాడటం తేలిక. మరీ బయటకు పొడుచుకొచ్చేది వద్దు, పక్కన నడిచేవాళ్ల మోకాళ్లకు తగులుతుంది.

గార్డు తెప్పించాక ఆదివారం రాయగడ రా. టార్క్ రెంచి నా దగ్గర ఉంది, గోనెసంచులు కూడా ఉన్నాయి. పొద్దున్నే వస్తే మధ్యాహ్నానికి అయిపోతుంది. నీ బండి బోల్టుల టార్క్ ఉన్న మాన్యువల్ పేజీ మాత్రం ఫోనులో దింపుకుని తీసుకురా, నా దగ్గరున్నది 411ది.