ఉప్పెనలో పోయిన పసివాళ్లు ఏ పాపం చేశారు?

ప్రశ్న: మా అమ్మ పుట్టింటివారిది దివిసీమలో నాగాయలంకకు దిగువన, సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లె. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చేనాటికి అమ్మకు పదకొండేళ్లు. నాలుగేళ్ల తమ్ముడూ, ఇంకా ఉయ్యాల దిగని చెల్లెలూ ఆ నీళ్లలో కొట్టుకుపోయారు. అప్పటినుంచి అమ్మ గుడికి వెళ్లదు. మమ్మల్ని మాత్రం వెళ్లవద్దని ఎన్నడూ అనలేదు. ఈమధ్య మా ఇంటికి వచ్చిన బంధువుల్లో ఒక పెద్దాయన ఆ ప్రస్తావన వచ్చినప్పుడు, "ఎవరి కర్మ వాళ్లదమ్మా, పూర్వజన్మలో ఏం చేసుకున్నారో" అన్నారు. అమ్మ మారుమాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది. దేవుడు దయామయుడైతే పాపం ఎరుగని పసివాళ్లను ఇలా ఎందుకు పోనిస్తాడు? ఆ పెద్దాయన చెప్పినది శాస్త్రసమ్మతమేనా? గుడికి వెళ్లకపోవడం వల్ల అమ్మకు దోషమేమైనా అంటుతుందా?
— ఒక పాఠకురాలు, అవనిగడ్డ

జవాబు: మీ రెండవ ప్రశ్నను ముందుగా తీసుకుంటాను. మీ అమ్మగారిని బాధపెట్టిన మాట శాస్త్రం పేరుతో వచ్చింది కాబట్టి, ఆ శాస్త్రం నిజంగా ఏమంటున్నదో మొదట తేల్చుకోవాలి.

లోకంలో ఒకరికి సుఖమూ మరొకరికి దుఃఖమూ పంచిపెట్టిన ఈశ్వరుడు పక్షపాతి కాదా, నిర్దయుడు కాదా అన్న ఆక్షేపణను మన పెద్దలు కప్పిపుచ్చలేదు. వేదాంతానికి మూలగ్రంథాల్లో ఒకటైన బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయంలో "వైషమ్యనైర్ఘృణ్యే న" అంటూ మొదలయ్యే సూత్రం ఆ ఆక్షేపణను ఎదుర్కోవడానికే పుట్టింది. కనుక మీరు అడిగిన ప్రశ్న అడగరానిదేమీ కాదు. ఆ సూత్రానికి శంకరులు రాసిన భాష్యంలో ఈశ్వరుణ్ణి వానతో పోల్చారు. వాన అన్ని గింజల మీదా ఒకేలా కురుస్తుంది. వరి వరిగానూ యవలు యవలుగానూ మొలవడానికి కారణం ఆ విత్తనాల్లోనే ఉంది. అలాగే జీవుల సుఖదుఃఖాల్లోని భేదానికి కారణం వారి వారి కర్మలే తప్ప ఈశ్వరుని పక్షపాతం కాదని ఆ వాదం. మీ బంధువు మాటకు మూలం ఇక్కడే ఉందని ఒప్పుకోవలసిందే.

అయితే ఈశ్వరుని మీద వచ్చిన అభియోగానికి సమాధానంగా చెప్పిన సిద్ధాంతం వేరు, బిడ్డల్ని పోగొట్టుకున్న ఇంట్లో కూర్చుని ఆ బిడ్డల మీద ఇచ్చే తీర్పు వేరు. "గహనా కర్మణో గతిః" అని భగవద్గీత నాలుగవ అధ్యాయంలో శ్రీకృష్ణుడే చెప్పాడు. కర్మ నడక అంతుచిక్కనిదని భగవంతుడు చెప్పిన తరువాత, ఫలానా శిశువు ఫలానా కారణంగా నీట మునిగిందని చెప్పగల అధికారం ఏ మనిషికీ మిగలదు. తన కష్టాన్ని తన కర్మఫలంగా భావించి ఓర్చుకునేవారిని నేను గౌరవిస్తాను. ఆ భావన ఎందరికో ధైర్యాన్నిచ్చింది. అదే మాటను ఎదుటివారి కష్టానికి అంటగట్టినప్పుడు మాత్రం అది క్రూరంగా మారుతుంది, శాస్త్రసమ్మతం కూడా కాకుండా పోతుంది.

దివిసీమ విషయమే తీసుకోండి. పులిగడ్డ దగ్గర కృష్ణానది రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసేచోట, ఆ పాయల మధ్య ఒండ్రు మేట వేసి ఏర్పడిన పల్లపు నేల అది. బంగాళాఖాతంలో నీళ్లు బాగా వేడెక్కినప్పుడు పుట్టే తుఫాను తీరానికి చేరువయ్యేసరికి, దాని గాలి నీటిని ముందుకు నెడుతుంది. ఆ తీరంలో సముద్రం లోతు తక్కువ కావడంతో నీరు కిందికి పోయే దారి లేక పైకి లేస్తుంది. ఆనాడు సుమారు అయిదు మీటర్ల ఎత్తున లేచిన నీరు ఊళ్ల మీద పడింది. దాదాపు 10,000 మంది మరణించారు. వారిలో అత్యధికులు మట్టిగోడల పాకల్లో, తాటాకు ఇళ్లలో ఉన్న మత్స్యకారులు, వ్యవసాయ కూలీలు. గట్టి డాబా, మేడ ఉన్నవారికి బతికే అవకాశం ఎక్కువగా దక్కింది. పూర్వజన్మ పాపమే ఆ నీటికి దారి చూపిందంటే, పాపమంతా పేదల పాకల్లోనే పోగుపడిందని అనవలసి వస్తుంది. అలా అనడానికి నాకు నోరు రాదు.

1990 మే నెలలో, తీవ్రతలో దానికి తీసిపోని తుఫాను ఇంచుమించు అదే తీరాన్ని దాటింది. అప్పటికి తుఫాను షెల్టర్లు లేచాయి, హెచ్చరికలు ఊరూరికీ చేరాయి, జనాన్ని పెద్దఎత్తున ముందే తరలించారు. ఆసారి మృతుల సంఖ్య వెయ్యికి లోపే. ఒడిశాలోనూ అంతే: 1999 అక్టోబరు తుఫానులో దాదాపు పదివేల మంది పోతే, 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు, లక్షల మందిని ముందే తరలించినందువల్ల, ఆ సంఖ్య కొన్ని పదుల దగ్గర ఆగింది. పదమూడు, పద్నాలుగేళ్లలో తీరవాసుల పూర్వజన్మ పాపం పదోవంతుకూ, అంతకంటే తక్కువకూ తగ్గిపోయిందా? ఆ షెల్టర్లు దొరకడం కూడా వారి కర్మఫలమేనని కొందరు అంటారు. ఏమి జరిగినా సరిపోయే ఆ మాట మనకు దేనినీ వివరించదు. పైగా షెల్టరు కట్టవలసినవాడి బాధ్యతను చల్లగా మాయం చేస్తుంది. నాకు అన్నిటికంటే ఎక్కువ అభ్యంతరం ఇక్కడే.

ఇలా మాట్లాడినవారిలో మహాత్ములూ ఉన్నారు. 1934 జనవరి 15న బీహారును భూకంపం కుదిపేసి వేలాదిమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు, అది అస్పృశ్యత అనే పాపానికి దైవం విధించిన శిక్ష అని గాంధీజీ అన్నారు. అస్పృశ్యతను తుదముట్టించడానికి ఆయన దేశమంతా తిరుగుతున్న రోజులవి. ఆ పాపంలో తనకూ వాటా ఉందనుకునే మనిషి ఆయన. అయినా రవీంద్రనాథ్ టాగూరు ఊరుకోలేదు. భౌతికమైన ఉపద్రవాలకు కారణాలు భౌతికమైనవేనని, ఇటువంటి వాదం గాంధీజీ ప్రత్యర్థులకే ఎక్కువగా పనికివస్తుందని, ఆ భూకంపానికి కారణం గాంధీజీ, ఆయన అనుచరులేనని వారు అన్నా తాను ఆశ్చర్యపోయేవాణ్ణి కాదని ఆయన రాశారు. గాంధీజీ ఆ విమర్శను తన 'హరిజన్' పత్రికలోనే అచ్చువేసి, పక్కన తన జవాబునూ ప్రచురించారు. అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు. ఈ విషయంలో నేను టాగూరు పక్షాన ఉన్నాను. ఆ భూకంపంలో నలిగిపోయినవారిలో అంటరానివారని ఊరి బయట ఉంచబడినవారూ ఉన్నారు కదా, వారికి పడిన శిక్ష ఎవరి పాపానికి?

దివిసీమలో క్రైస్తవ కుటుంబాలూ ఎక్కువే కాబట్టి ఇంకొక్క మాట. బైబిలులో నీతిమంతుడైన యోబు పదిమంది బిడ్డలూ ఒక పెనుగాలికి కూలిన ఇంట్లోనే చనిపోతారు. నీవు ఏదో తప్పు చేసి ఉంటావని అతనితో వాదించిన మిత్రుల మీద చివరికి దేవుడు ఆగ్రహిస్తాడు. తనను గురించి సరిగా పలికినవాడు తనతో తగవుపడిన యోబేనంటాడు. యెరూషలేములోని సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు వారు ఇతరులకంటె పాపులా అన్న ప్రశ్నకు యేసు కాదనే చెప్పాడు.

ఇక మీ మొదటి ప్రశ్న, అన్నిటికంటే కష్టమైనది. వేడెక్కిన సముద్రం నుంచి నీటిని మోసుకొచ్చే గాలులే లేకపోతే డెల్టాకు వాన లేదు, పంట లేదు. వరదలు ఒండ్రు మోసుకురాకపోతే దివిసీమ అనే నేలే లేదు. ప్రకృతి ఒక నియమానికి కట్టుబడి నడవడం వల్లనే మనిషి విత్తనం వేయగలుగుతున్నాడు, తుఫాను రాకను రెండు మూడు రోజుల ముందే చెప్పగలుగుతున్నాడు. ఆ నియమం నా ఇంటి దగ్గర ఒకలా, పొరుగింటి దగ్గర మరోలా పనిచేసే లోకంలో వివేకానికి గాని బాధ్యతకు గాని చోటుండదు. ఉప్పెన ఎవరినీ ఎంచుకోదు, దానిని దేవుడు ఎవరి మీదికీ గురిపెట్టి పంపడు అన్నది నా నమ్మకం.

కాని ఈ వాదం తుఫానులు ఎందుకున్నాయో చెబుతుంది గాని, ఉయ్యాలలో ఉన్న ఆ పసిపిల్లను ఒక్క చేయి చాచి ఎందుకు ఆదుకోలేదో చెప్పదు. సర్వశక్తిమంతుడని నమ్మినవాణ్ణి ఆ మాట అడగకుండా ఎలా ఉంటాం? నేను చదివిన ఏ భాష్యమూ ఈ చివరి అడుగును దాటించలేదు, దాటించామని చెప్పేవారి మాట నన్ను ఒప్పించలేదు. నేను నమ్మకం వదులుకోలేదు. ఆ ప్రశ్ననూ వదులుకోలేదు. పోతన భాగవతంలో మొసలికి చిక్కిన గజేంద్రుడు "కలడు కలడనెడివాడు కలడో లేడో" అని అనుమానపడ్డాడు. అలా అనుమానపడినవాడినే విష్ణువు వచ్చి రక్షించాడు, ఆ మాట అన్నందుకు కోపించలేదు. మన ఇళ్లలో ఆ ఘట్టాన్ని తరతరాలుగా భక్తితో చదువుకుంటున్నామంటే, దేవుణ్ణి నిలదీయడం కూడా ఆయనతో మాట్లాడడమేనని మనవాళ్లకు తెలుసు.

అందుచేత మీ అమ్మగారికి ఏ దోషమూ అంటదు. పదకొండేళ్ల వయసులో తమ్ముణ్ణీ చెల్లెలినీ పోగొట్టుకున్న మనిషి దేవుని మీద అలిగితే, ఆ అలక న్యాయమైనదేనని నేను అంటాను. తాను అలిగి కూడా మీ భక్తికి అడ్డురాకపోవడం ఆమె పెద్దమనసు. గుడికి రమ్మని ఆమెను బలవంతపెట్టకండి, పరిహారాల పేరు చెప్పి భయపెట్టేవారిని గడప తొక్కనివ్వకండి. ఆమె ఎప్పుడైనా ఆ పిల్లల గురించి తనంతట తాను మాట్లాడితే, జవాబు చెప్పే ప్రయత్నం చేయకుండా పూర్తిగా వినండి. ఆ పెద్దాయన మళ్లీ మీ ఇంటికి వస్తే, ఆమె ఎదుట ఆ మాట ఇంకెప్పుడూ అనవద్దని మీరే చెప్పండి. వయసులో చిన్నవారై ఉండి పెద్దలకు అలా చెప్పడం మర్యాద కాదని వెనుకాడకండి.