సంగీతం రానివాళ్లతో డ్రమ్ సర్కిల్ ఎలా నడపాలి?

బెంగళూరు అపార్ట్‌మెంట్‌లో 20 మంది తెలుగువాళ్లు, ఎవరికీ తాళం రాదు, చేతిలో ఉన్నది గంట సమయం అనుకుందాం. డ్రమ్ సర్కిల్‌కు, అంటే అందరూ గుండ్రంగా కూర్చుని కలిసి డ్రమ్ములు వాయించడానికి, ఆ గంట సేపు చాలు.

చేతుల్లేని కుర్చీలు గుండ్రంగా వేసి, మీరు లోపలికి వెళ్లడానికి దారి వదలండి. ఉంగరాలు, గాజులు, వాచీలు ముందే తీయించండి. లేకపోతే డ్రమ్ము తోలు చిరుగుతుంది, వేళ్లకూ దెబ్బ తగులుతుంది. జెంబేను (చేతులతో వాయించే ఆఫ్రికా డ్రమ్ము) మోకాళ్ల మధ్య పెట్టుకుని కాస్త ముందుకు వంచాలి. అడుగు కన్నం నేలకు ఆనితే గుమ్మనే నాదం రాదు. డ్రమ్ములు చాలకపోతే 20 లీటర్ల ఖాళీ నీళ్ల క్యాన్ బోర్లించండి, బాగా మోగుతుంది.

పాఠం చెప్పకండి. ముందు ‘త క ధి మి’ అని నోటితో అనిపించండి. తర్వాత చేతులతో: ‘ధి’కి డ్రమ్ము మధ్యలో అరచేయి, మిగతావాటికి అంచున వేళ్లు.

అసలు చిక్కు వేగంతోనే. మోత పెరిగేకొద్దీ ఎవరి దెబ్బ వాళ్లకు వినపడదు, ఇంకా గట్టిగా కొడతారు, దాంతో లయ పరుగెడుతుంది. అరిచి ఆపొద్దు. అరచేతులు నెమ్మదిగా కిందికి దించుతూ మోత తగ్గించండి. పెద్ద డ్రమ్ము దగ్గర నిలకడైన మనిషిని కూర్చోబెట్టి, ఆ దెబ్బనే వినమనండి. అప్పటికీ కుదరకపోతే సగం మందిని ఆపి, మిగతా సగాన్ని వాయించనివ్వండి. ఆగినవాళ్లకు లయ అప్పుడే చెవికెక్కుతుంది. ఇది అన్నిటికన్నా బాగా పనిచేసే ఉపాయం.

ముగింపుకు చెయ్యెత్తి వేళ్లతో 4, 3, 2, 1 చూపించి, చివర్లో అందరితో ఒకే దెబ్బ వేయించండి. ఆరుబయటైతే రాత్రి 10 లోపే ముగించాలి, శబ్ద కాలుష్య నిబంధనలున్నాయి.