పాస్‌పోర్ట్ లేకుండా పడవలో బయల్దేరిన మనిషిని కెనడా ఎలా తీసుకుంది?

ప్రశ్న: మేం కెనడాలోని మిస్సిసాగాలో ఉంటాం. పక్కింటి వియత్నాం పెద్దాయన 1979లో పడవలో మలేసియా చేరారట. అక్కడి క్యాంపు నుంచి ఒక చర్చివాళ్లు కెనడాకు రప్పించారట. అలా రావడం చట్టబద్ధమేనా? మా ఐదు తెలుగు కుటుంబాలు కలిసి ఇప్పుడు ఒక శరణార్థి కుటుంబాన్ని రప్పించవచ్చా?

జవాబు: పూర్తిగా చట్టబద్ధమే. పడవ దిగింది మలేసియాలో. కెనడాకు మాత్రం ఆయన వీసాతోనే వచ్చారు. కెనడా అధికారులే క్యాంపులకు వెళ్లి, ఇంటర్వ్యూలు, వైద్య పరీక్షలు అయ్యాక విమానం ఎక్కించేవారు. 1978లో అమల్లోకి వచ్చిన వలస చట్టం దీనికి ఆధారం. ఆ ఏడాది చివర్లో ఇండోచైనా (వియత్నాం, లావోస్, కంబోడియా) వారిని ప్రత్యేక తరగతిగా గుర్తించారు. దాంతో తనను వేధించారని ఒక్కొక్కరూ నిరూపించుకోవాల్సిన బాధ తప్పింది. 1979, 80 సంవత్సరాల్లో దాదాపు 60,000 మంది వచ్చారు. అందులో సగానికి పైగా మామూలు పౌరులు, చర్చిలు స్పాన్సర్ చేసినవాళ్లే, అంటే ఖర్చు, బాధ్యత తాము తీసుకుని రప్పించినవాళ్లే.

ఒక తేడా గమనించండి. ప్రాణభయం ఉన్న చోటికి శరణార్థిని తిప్పి పంపకూడదని 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం చెబుతుంది. కెనడా లాంటి మూడో దేశం అతన్ని తీసుకుని తీరాలని మాత్రం చెప్పదు. అది ఆ దేశం ఇష్టం. పైగా మలేసియా ఆ ఒప్పందంలోనే లేదు, మన భారతదేశమూ లేదు. 1979లో మలేసియా పడవలను తిరిగి సముద్రంలోకి నెట్టేసింది కూడా. ఆ జులైలో జెనీవాలో మిగతా దేశాలు 'మేం తీసుకెళ్తాం' అని మాటిచ్చాకే పరిస్థితి కుదుటపడింది. 1989 మార్చి 14 తర్వాత మలేసియా చేరినవారికి ఒక్కొక్కరికీ నిజంగా శరణార్థేనా అని విచారణలు పెట్టారు, నెగ్గనివారిని వెనక్కి పంపారు. మీ పెద్దాయన పదేళ్లు ఆలస్యంగా బయల్దేరి ఉంటే ఆయన కథ వేరేగా ఉండేది. ఇది తలచుకుంటే నాకు మనసు కలుక్కుమంటుంది.

ఇక మీ సంగతి. ఐదుగురు కలిసి స్పాన్సర్ చేసే పద్ధతి చట్టంలో ఉంది. ఐదుగురూ 18 ఏళ్లు నిండిన పౌరులో, పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉన్నవారో కావాలి. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లు లెక్కలోకి రారు. వచ్చే కుటుంబాన్ని శరణార్థులుగా గుర్తించిన కాగితం ఉండాలి. అద్దె, తిండి, బట్టలు సహా 12 నెలల బాధ్యత మీదే. సంతకం పెట్టాక అది చట్టపరమైన హామీ, కాబట్టి మొహమాటానికి ఎవరినీ చేర్చుకోకండి.

అయితే 2024 నవంబరు 29 నుంచి ఇలాంటి బృందాల కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపారు. మళ్లీ మొదలైందేమో వలస శాఖ వెబ్‌సైట్‌లో చూడండి. ప్రభుత్వంతో ముందే ఒప్పందం ఉన్న సంస్థలకు ఈ ఆపివేత వర్తించదు, వాటిలో చర్చిలు చాలానే ఉన్నాయి. పెద్దాయనను రప్పించిన చర్చి ఏదో ఆయన్నే అడిగి, ముందు అక్కడికి వెళ్లండి.