వాగులో సిగ్నల్ క్రేఫిష్ కనిపిస్తే బోను వేయొచ్చా?

ఇంగ్లండ్‌లో మీ ఇంటి దగ్గరి వాగులో క్రేఫిష్ (పీతలా డెక్కలుండే, రొయ్యను పోలిన మంచినీటి జీవి) తిరుగుతున్నాయని, అవి విదేశీ రకం కాబట్టి ఎన్ని పడితే నదికి అంత మంచిదని ఎవరో చెప్పారని, బోను వేసి పట్టుకుని వండుకోవచ్చా అని అడిగారు. దయచేసి వేయకండి. యార్క్‌షైర్‌లో లైసెన్స్ ఉన్న క్రేఫిష్ సర్వేయర్ల వెంట కొన్నేళ్లుగా వాలంటీరుగా వాగుల్లోకి దిగుతున్నాను. ఇంత గట్టిగా చెప్పడానికి అదే కారణం.

ముందు మీరు చూసింది ఏ రకమో తేలాలి. బ్రిటన్‌కు సొంత క్రేఫిష్ ఒక్కటే ఉంది, వైట్ క్లాడ్ క్రేఫిష్. సాధారణంగా పది సెంటీమీటర్ల లోపే ఉంటుంది. డెక్కలు పైన గరుగ్గా, అడుగున మాసిన తెలుపులో ఉంటాయి. ఉత్తర అమెరికా నుంచి వచ్చిన సిగ్నల్ క్రేఫిష్ బాగా పెద్దది, డెక్కలు నున్నగా ఉంటాయి. అడుగున ఎరుపు, డెక్క కీలు దగ్గర తెల్లటి లేదా నీలిపచ్చ మచ్చ. వినడానికి తేలికే గానీ, బురద పట్టినప్పుడు ఆ మచ్చ కనిపించదు, పిల్లల్లో అయితే మరీ కష్టం. సర్వేలో అనుమానం వస్తే తల, వీపు కలిసేచోట ఉండే మెడ గాడి వెనక పక్కభాగాన్ని వేలితో తడిమి చూస్తాం. స్థానిక రకానికి అక్కడ చిన్న చిన్న ముళ్లు గుచ్చుకుంటాయి, సిగ్నల్‌కు ఏమీ తగలదు. లైసెన్స్ లేనివాళ్లు ఇది చేయకూడదు. 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం స్థానిక క్రేఫిష్‌ను పట్టుకోవడమే నేరం.

సిగ్నల్ వాటంతట అవి ఈదుకుంటూ రాలేదు. 1970ల్లో పెంపకం కోసం, ప్రభుత్వ ప్రోత్సాహంతోనే తెచ్చారు. చెరువుల్లోంచి తప్పించుకున్నాయి, తడి నేల మీద నడవగలవు కూడా. గట్లలో బొరియలు తవ్వి ఒడ్డు కూలగొడతాయి, చేప గుడ్లు తింటాయి. వీటన్నిటికన్నా పెద్ద నష్టం అవి మోసుకొచ్చే క్రేఫిష్ ప్లేగు. నీటి బూజు జాతికి చెందిన ఒక సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బు ఇది. ఉత్తర అమెరికా రకాలు దానితోనే ఎదిగాయి కాబట్టి చాలావరకు తట్టుకుంటాయి. స్థానిక రకానికి సోకితే ఆ వాగులో దాదాపు ఒక్కటీ మిగలదు.

అలా జబ్బు పడిన వాగును నేను చూశాను. మామూలుగా ఇవి చీకటి పడ్డాకే రాళ్ల కింద నుంచి బయటికి వస్తాయి. ఆ రోజు మిట్టమధ్యాహ్నం, లోతు లేని నీళ్లలో, కాళ్లు బిగుసుకుపోయి తూలుతూ నడుస్తున్నాయి. ఒకటి వెల్లకిలా పడి, కాళ్లు కొట్టుకుంటూ ఎంతకీ తిరగలేకపోయింది. చూస్తూ ఉండటం తప్ప మేము చేయగలిగింది లేదు. దీనికి మందు లేదు.

ఇక్కడే మీ బోను సంగతి వస్తుంది. ఆ జబ్బు రావడానికి సిగ్నల్ క్రేఫిష్ కూడా అక్కర్లేదు. దాని బీజాలు తడి బోనులో, వలలో, రబ్బరు బూట్ల అడుగున బతికే ఉంటాయి. ఒక వాగులో తడిసిన సామాను ఆరకుండానే ఇంకో వాగులో దించితే చాలు. ఐర్లండ్ నదుల్లో స్థిరపడ్డ సిగ్నల్ లేకుండానే 2015లో ప్లేగు బయటపడింది.

పోనీ బోనుతో సిగ్నల్ తగ్గుతాయా అంటే, తగ్గవు. నార్త్ యార్క్‌షైర్‌లో ఒక చిన్న వాగులో పరిశోధకులు నీళ్లు తోడేసి లెక్కపెడితే కొన్నిచోట్ల చదరపు మీటరుకు 110 దాకా ఉన్నాయి. అందులో బోనుకు చిక్కేంత పెద్దవి 2.3 శాతమే. ఆ పెద్దవి చిన్నవాటిని తినేస్తుంటాయి. వాటినే ఏరేస్తే పిల్లలు ఇంకా ఎక్కువ బతికే ప్రమాదం ఉంది. అందుకే “పట్టుకుని తింటే నదికి సాయం” అనే మాట వింటే నాకు బాధేస్తుంది, మంచి మనసుతో అనేవాళ్లే ఎక్కువ కాబట్టి మరీను.

చట్టం సంగతి కొస్తే, ఇంగ్లండ్‌లో ప్రభుత్వ పర్యావరణ సంస్థ అయిన ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ అనుమతి లేకుండా క్రేఫిష్ బోను వేయకూడదు. అనుమతి ఉన్నా, నీటికుక్కలు దూరి మునిగిపోకుండా బోను నోరు 95 మిల్లీమీటర్లకు మించకూడదు. సిగ్నల్‌ను ప్రాణంతో ఇంటికి తెచ్చి ఉంచుకోవడం, మరోచోట వదలడం రెండూ నేరమే.

మీరు నిజంగా చేయగలిగింది వేరే ఉంది. నీళ్లలో ఉండగానే ఫోటో తీయండి, డెక్కలు పడేలా. చోటు, తేదీతో ఐరికార్డ్ అనే, కనిపించిన జీవుల్ని నమోదు చేసే యాప్‌లో పెట్టండి. తెలిసినవాళ్లు చూసి రకం నిర్ధారిస్తారు. పిల్లలు వాగులో ఆడినా, కుక్క దిగినా, ఇంకో నీటి దగ్గరికి వెళ్లేలోపు బురద కడిగి, బూట్లు, వలలు పూర్తిగా ఆరనివ్వండి. ఆరాక ఇంకో రెండు రోజులు ఆగితే మరీ మంచిది. బూట్ల అడుగు గాడులు, వల ముడులు చివరిదాకా తడిగా ఉంటాయి, అవే చూసుకోవాలి. చచ్చిన క్రేఫిష్ ఒకేచోట చాలా కనిపిస్తే మాత్రం మర్నాటికి వాయిదా వేయకుండా ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీకి ఫోన్ చేయండి.