నవల చెప్పేముందు ఎదుటి మనిషిని చూడు

బంగారూ,

మొన్న ఫోన్లో నువ్వడిగిన దానికి గబగబా ఏదో చెప్పి పెట్టేశా కానీ తర్వాత కూడా అదే ఆలోచన, అందుకే ఇలా వివరంగా రాస్తున్నా. మీ ఆఫీసు వాళ్ళూ పక్క ఫ్లాట్ల వాళ్ళూ నెలకోసారి కూర్చుని ఎవరేం చదువుతున్నారో చెప్పుకుంటున్నారంటే, అదీ బెంగుళూరులో, అదీ తెలుగు నవలల గురించి, నాకెంత సంతోషంగా ఉందో. "నేను చెప్పిన పుస్తకం ఒక్కళ్ళూ చదవట్లేదు పెద్దమ్మా" అన్నావు కదా. లైబ్రరీలో ఉన్నన్నాళ్ళూ నేను చేసింది ఆ పనే, కౌంటర్ అవతల నిలబడ్డ మనిషిని చూసి ఏ పుస్తకం చేతిలో పెట్టాలా అని.

నువ్వు విశ్వనాథ సత్యనారాయణ గారి వేయిపడగలు గురించి "తెలుగులో గొప్ప నవల, తప్పకుండా చదవాలి" అన్నావట. ఆ మాటకి ఎవరూ కదలరమ్మా. గొప్పది అనగానే మనిషికి సిలబస్ గుర్తొస్తుంది. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో బాపిరాజు గారి నారాయణరావుతో కలిసి బహుమతి పంచుకుంది, పీవీ నరసింహారావు గారు సహస్రఫణ్ అని హిందీలోకి తెచ్చారు, అన్నీ నిజమే, కానీ అవి చదివేశాక తెలిస్తే ముచ్చటగా ఉంటాయి, చదవని వాడికి బరువు. ముందు నువ్వు అడుగు, ఈమధ్య నిన్ను నిద్రపోనివ్వని పుస్తకం ఏది, పుస్తకం లేకపోతే సినిమా ఏది అని. ఇది సంబంధం చూడటం లాంటిదే, అబ్బాయి ఎంత బుద్ధిమంతుడైనా పిల్ల ఇష్టం తెలుసుకోకుండా కుదర్చగలమా.

చదవడం మానేసి ఏళ్ళయిన వాళ్ళు మీలో చాలామందే ఉంటారు. వాళ్ళకి లావు పుస్తకం చూపించకు. కేశవరెడ్డి గారి అతడు అడవిని జయించాడు ఇవ్వు. పందులు కాసుకునే ఒక ముసలాయన, మందతో తిరిగిరాని ఒక సుక్కపంది, దాన్ని వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు, కథంతా ఒక్క రాత్రిలో. అంతవరకే చెప్పు, ఇంకేం చెప్పకు. ఆదివారం భోజనం చేసి మొదలుపెడితే దీపాలు పెట్టేవేళకి అయిపోతుంది, అయిపోయాక ఆ మనిషి తనంతట తనే వచ్చి ఇంకోటి అడుగుతాడు. నేను లైబ్రరీలో ఎన్నిసార్లు చూశానో ఇది. ఆయన డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేశారు, ఆ సంగతి కూడా పుస్తకం చదివాకే చెప్పు, అప్పుడు ఆ రాతలో బాధని చూసే తీరు ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్ళకే అనిపిస్తుంది.

చెప్పేటప్పుడు కథ చెప్పకు, మనిషిని చెప్పు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కాలాతీత వ్యక్తులు, నీకు తెలుసు. దాని గురించి ఎవరికైనా చెప్పాలంటే నేను ఇందిర గురించే చెప్తా. విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటూ తండ్రిని కూడా తనే చూసుకునే అమ్మాయి, ఎవరి మీదా జాలి చూపించదు, తన మీద కూడా జాలి పడదు, తనకి కావాల్సింది తీసుకోవడానికి ఎవర్నీ పర్మిషన్ అడగదు. అంత చెప్పి ఆపేస్తా. చదివొచ్చిన వాళ్ళలో కొందరు ఆ పిల్లని తిట్టిపోసేవాళ్ళు, కొందరు వెనకేసుకొచ్చేవాళ్ళు, రిటర్న్ కౌంటర్ దగ్గరే వాదన మొదలయ్యేది. దాన్ని రాసిన పి. శ్రీదేవి గారు కూడా డాక్టరే, 1957-58లో తెలుగు స్వతంత్ర పత్రికలో సీరియల్‌గా రాశారు, 1961లో చాలా చిన్నవయసులో పోయారు. ఇంకో నాలుగు నవలలు రాసుంటే అని ఇప్పటికీ మనసుకి కష్టంగా ఉంటుంది.

ఇంకోటి, పుస్తకం సగంలో ఉంటే సగంలో ఉన్నానని చెప్పు. "వేయిపడగలు ఇప్పుడు వందో పేజీలో ఉన్నా, ఇంతవరకు ఆ కథానాయకుడు ధర్మారావు నాకు దగ్గర కాలేదు, చూడాలి" అంటే అది నిజమైన మాట, వినేవాళ్ళకి కూడా వచ్చే నెల ఏమైందో వినాలని ఉంటుంది. అంపశయ్య చెప్పేటప్పుడు అయితే ముందే హెచ్చరించు, నవీన్ గారు ఉస్మానియా హాస్టల్లో ఉన్న ఒక కుర్రాడి ఒక్క రోజుని వాడి బుర్రలో తిరిగే ఆలోచనల లెక్కన రాసుకుంటూ పోయారు, మొదట్లో ఊపిరాడదు, ఓ ముప్పై పేజీలు పట్టుకుంటే తర్వాత అదే లాక్కుపోతుంది అని. హాస్టల్లో ఉండి చదువుకున్న వాళ్ళకి ఇవ్వు, 1969 నాటి పుస్తకమని వాళ్ళకి గుర్తు కూడా ఉండదు.

అలాగే మంచి పుస్తకమే అయినా ఇప్పుడు వద్దు అనాల్సిన మనుషులుంటారు. ఉద్యోగం పోయి దిగులుగా ఉన్నవాడికి అసమర్థుని జీవయాత్ర ఇవ్వకు. గోపీచంద్ గారు సీతారామారావుని లోపల్నించి ఒక్కో పొర విప్పుకుంటూ పోతారు, చదివేవాడు గట్టిగా ఉన్నప్పుడు చదవాల్సిన పుస్తకం అది. అలాంటివాడికి బారిష్టరు పార్వతీశం మొదటి భాగం, ఆ మద్రాసులో ఆడవాళ్ళ టోపీ కొనుక్కునే ఘట్టం నువ్వే పైకి చదివి వినిపించు, ఒక్క పేజీ చాలు.

ఎవరైనా యద్దనపూడి సులోచనారాణి గారి సెక్రటరీ నవల గురించో యండమూరి గురించో చెప్తే మొహం చిట్లించకు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. సులోచనారాణి గారి పుస్తకం కోసం మా దగ్గర రిజర్వ్ చేసుకుని వారాల తరబడి ఎదురుచూసేవాళ్ళు, వంటింట్లోంచి టైం దొరకబుచ్చుకుని వచ్చే ఆడవాళ్ళు, వాళ్ళలో ఎంతోమంది ఆ మెట్టు మీంచే రంగనాయకమ్మ గారి దాకా వచ్చారు. ఆ అమ్మాయికి ఆ పుస్తకంలో ఏం నచ్చిందో విను, తర్వాతది ఏం చెప్పాలో అందులోనే దొరుకుతుంది.

కొంచెం బాగా చదివే వాళ్ళకి నేను జంటగా చెప్పేదాన్ని. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి మాలపల్లి, వేయిపడగలు పక్కపక్కన చదవమను, పన్నెండేళ్ళ తేడాతో వచ్చినవి, ఒకరు పల్లెని మాలవాడ వైపు నించి చూస్తే ఇంకొకరు కూలిపోతున్న పాత కట్టుబాట్ల వైపు నించి చూశారు. మొదటిదాన్ని అప్పటి సర్కారు నిషేధించింది కూడా. ఇవి రెండూ చదివినవాళ్ళు ఒక గదిలో ఉంటే మీ మీటింగ్ ఆ రోజు త్వరగా అవదు. కొత్తవాటిలో అయితే బండి నారాయణస్వామి గారి శప్తభూమి, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి కొండపొలం, రెండూ రాయలసీమే, ఒకటి పాలెగాళ్ళ కాలం, ఇంకోటి కరువులో గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కే ఈకాలం మనుషులు. కొండపొలం సినిమా చూసేశాం అంటారు, అయినా చదవమను, గొర్రెలకాపరుల మాట, ఆ చెట్ల పేర్లు తెరమీద దొరకవు.

పుస్తకం ఎక్కడ దొరుకుతుందో కూడా నువ్వే చెప్పాలి, లేకపోతే మాట అక్కడే ఆగిపోతుంది. పాతవి చాలావరకు మళ్ళీ ప్రింట్ అవుతున్నాయి, దొరకనివి ఉంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో, హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లోనో చూడమని అక్కడికెళ్ళే వాళ్ళకి చెప్పు. నీ కాపీ ఇస్తే లోపల పేరూ తేదీ రాసివ్వు. ఇచ్చాక రెండు వారాలదాకా "చదివావా" అని అడగొద్దు, బలవంతం చేస్తే చదివానని అబద్ధం చెప్తారు.

నేనిప్పుడు వాసిరెడ్డి సీతాదేవి గారి మట్టిమనిషి మళ్ళీ చదువుతున్నా. సాంబయ్య పొలంలో ఉంటే నాకు ఆయన మీద గౌరవం, ఇంట్లోకొస్తే కోపం, చిన్నప్పుడు చదివినప్పుడు కోడలు వరూధిని మీదే ఉండేది నా కోపమంతా, ఇప్పుడు ఆ పిల్లని ఆ ఇంట్లో ఎవరైనా ఒక్కసారి కూర్చోబెట్టి మాట్లాడారా అనిపిస్తోంది. ఇంకా సగం ఉంది. అయ్యాక కొరియర్ చేస్తా, నువ్వు చదివి మీ వాళ్ళలో ఎవరికి ఇచ్చావో, ఎందుకు వాళ్ళకే ఇచ్చావో నాకు రాయి.

మీ పెద్దమ్మ