రొమ్ము క్యాన్సర్ తగ్గాక వచ్చే వెన్నునొప్పి

ప్రశ్న: అమ్మకు 58 ఏళ్లు. అయిదేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. రోజూ లెట్రోజోల్ మాత్ర వేసుకుంటోంది. నెల రోజులుగా వెన్ను మధ్యలో నొప్పి అంటోంది. ఈమధ్య తీయించిన మామోగ్రామ్‌లో ఏమీ లేదన్నారు. ఇది వయసు నొప్పేనా డాక్టరుగారూ?

జవాబు: వయసు మీదికి నెట్టేయకండి. మామోగ్రామ్‌లో కనిపించేది రొమ్ము మాత్రమే, వెన్నుపూస కాదు. రొమ్ము క్యాన్సర్ పాకితే ఎక్కువగా ఎముకలకే పాకుతుంది. తర్వాత ఊపిరితిత్తులు, కాలేయం, మెదడు. లెట్రోజోల్ ఇచ్చారంటే అమ్మగారిది హార్మోన్ పాజిటివ్ రకం, అంటే ఒంట్లోని హార్మోన్ల ఊతంతో పెరిగేది. అది పదేళ్లు దాటాక కూడా తిరగబెట్టగలదు.

లెట్రోజోల్ వల్లా నొప్పులొస్తాయి. అవి సాధారణంగా రెండు చేతుల వేళ్లలో, రెండు మోకాళ్లలో ఉంటాయి. పొద్దున్నే బిగుసుకుపోయి, కాస్త తిరిగితే సడలుతాయి. ఎముకకు పాకినప్పటి నొప్పి ఒకేచోట పట్టుకుని వారం వారం పెరుగుతుంది. పడుకున్నా తగ్గదు, రాత్రి నిద్రలేపుతుంది. ఆ మాత్ర ఎముకల్ని గుల్లబారుస్తుంది కాబట్టి వెన్నుపూస విరిగి కూడా నొప్పి రావచ్చు. ఏది ఏదో ఇంట్లో తేల్చుకోలేం. ఈ వారంలోనే క్యాన్సర్ డాక్టరుకు చూపించి ఎమ్మారై గానీ బోన్ స్కాన్ గానీ చేయించండి. రొమ్ము క్యాన్సర్ జాడను రక్తంలో చూసే సీఏ 15-3 పరీక్ష నార్మల్‌గా వచ్చిందని ఆగిపోవద్దు. పాకినా అది పెరగనివాళ్లు ఉంటారు.

కాళ్లలో బలం తగ్గినా, నడక తూలినా, తొడల మధ్య తిమ్మిరి ఎక్కినా, మూత్రం బిగుసుకున్నా, తెలియకుండా పోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. వెన్నుపాము నొక్కుకుపోతోందన్నమాట. 24 గంటల్లోపు వెన్ను మొత్తానికి ఎమ్మారై తీయాలి. నడవగలిగే స్థితిలో వైద్యం అందినవాళ్లలో ఎక్కువమంది నడక నిలుపుకుంటారు. కాళ్లు పూర్తిగా పడిపోయాక తిరిగి రావడం చాలా కష్టం.

విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, మగత, మాట తికమక కలిసి వస్తే ఇంట్లోవాళ్లు షుగర్ అనుకుంటారు. ఎముకల్లోంచి కాల్షియం రక్తంలోకి చేరినా ఇలాగే ఉంటుంది. అదీ ఆలస్యం చేయకూడనిదే. కాల్షియం పరీక్ష అడగండి.

మూడు వారాలకు మించిన పొడిదగ్గు, ఆయాసం, కుడి డొక్కలో బరువు, కళ్లు పచ్చబడటం, వాంతితో తలనొప్పి, ఫిట్స్, మెడ కింది అడ్డ ఎముక (కాలర్ బోన్) పైన గట్టి బిళ్లలు ఇవన్నీ చెప్పాల్సినవే. ఫిట్స్ వస్తే మాత్రం నేరుగా ఎమర్జెన్సీకే.

పాకినట్టు తేలితే, వీలైతే పాకినచోటి నుంచి చిన్న ముక్క తీసి హార్మోన్, హెర్2 (క్యాన్సర్ కణాల్ని పెంచే ఒక ప్రొటీన్) పరీక్షలు మళ్లీ చేయించాలి. మొదటి గడ్డకూ దీనికీ తేడా ఉండొచ్చు, మందు దాన్నిబట్టే మారుతుంది. ఈ దశలో జబ్బును పూర్తిగా తుడిచేయడం సాధారణంగా కుదరదు. కానీ మందులతో ఏళ్ల తరబడి అదుపులో ఉన్నవాళ్లు ఎందరో. ఎముక నొప్పికి చాలాసార్లు ఒక్కరోజు రేడియేషన్ సరిపోతుంది.

ప్రశ్న: గడ్డ లేదు. మూడు వారాలుగా ఒక రొమ్ము ఎర్రగా వాచి, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడింది. పది రోజులు యాంటీబయాటిక్ వాడినా తగ్గలేదు.

జవాబు: ఇంకో కోర్సు వాడుతూ కూర్చోకండి. గడ్డ కట్టకుండా చర్మంలోని లింఫ్ నాళాల్ని (ఒంట్లోని నీరులాంటి ద్రవం పారే సన్నని గొట్టాల్ని) మూసేస్తూ వేగంగా పెరిగే రొమ్ము క్యాన్సర్ ఒకటుంది. బయటపడేసరికే అది కనీసం మూడో దశ. మామోగ్రామ్, అల్ట్రాసౌండ్‌తోపాటు చర్మం ముక్క కూడా బయాప్సీకి పంపమనండి. అదే అని తేలితే మొదట మందులు, ఆ తర్వాతే ఆపరేషన్.